13 నెలలు నిండినా నడవని పాపకు వాకర్ కొనడం మంచిదేనా?

ప్రశ్న

మా పాపకు ఈ వారంతో 13 నెలలు నిండాయి. సోఫా అంచు పట్టుకుని లేచి నిలబడుతుంది, దానిని పట్టుకునే పక్కకు నాలుగడుగులు వేస్తుంది, కానీ చేయి వదిలితే వెంటనే కూర్చుండిపోతుంది. తనకంటే మూడు వారాలు చిన్నవాడైన మా బంధువుల బాబు అప్పుడే ఇల్లంతా తిరుగుతున్నాడు. అది చూసి అందరూ వాకర్ కొనమని, అందులో ఉంచితే కాళ్లకు బలం వచ్చి నెల తిరిగేలోపు నడుస్తుందని చెబుతున్నారు. పాప దోగాడటం కూడా ఆలస్యంగానే, పదో నెల చివర్లో మొదలుపెట్టింది. కావలసిన వస్తువును వేలితో చూపించడం, పిలిస్తే తిరిగి చూడటం, రెండు మూడు మాటలు పలకడం బాగానే ఉన్నాయి. వాకర్ వల్ల నిజంగా మేలు ఉంటుందా, లేక మరికొంత కాలం ఆగవచ్చా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పిల్లల ఫిజియోథెరపిస్టు)

వాకర్ కొనవద్దండి. నడకకు కాళ్ల బలం ఒక్కటే చాలదు. శరీర బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకోవడం, ఒరిగిపోతున్నప్పుడు నడుముతో సర్దుకుని నిలదొక్కుకోవడం బిడ్డ స్వయంగా నేర్చుకోవాలి. వాకర్‌లో బిడ్డ బరువును సీటు మోస్తుంది, ఒరిగితే చుట్టూ ఉన్న చట్రం ఆపుతుంది, కాబట్టి నేర్చుకోవలసిన ఆ రెండు పనులకూ అక్కడ అవకాశమే ఉండదు. పైగా మునివేళ్లతో నేలను తన్నుకుంటూ ముందుకు పోతుంది, ఎదురుగా ఉన్న ట్రే అడ్డు వల్ల తన పాదాలు తనకే కనిపించవు. ప్రమాదాల సంగతి ఇంకా తీవ్రమైనది. మెట్ల మీది నుంచి పడటం, వేడి వస్తువులను అందుకోవడం పెద్దవారు అదే గదిలో ఉండగానే జరుగుతుంటాయి, ఎందుకంటే చక్రాల వేగానికి మన చేయి అందదు. కెనడా 2004లో బేబీ వాకర్లను పూర్తిగా నిషేధించింది.

ఇక వయస్సు విషయం. ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. దోగాడటానికి ఆ గడువు 13.5 నెలల దాకా ఉంది, అసలు దోగాడకుండానే నడిచినవారు కూడా ఆ పిల్లలలో 4 శాతానికి పైగా ఉన్నారు. మీ పాప సోఫా పట్టుకుని పక్కకు నడవడమే తర్వాతి మెట్టుకు సిద్ధమవుతున్నదనడానికి గుర్తు. ఒక్క విషయం చెప్పండి, పాప నెలలు నిండాకే పుట్టిందా?

సమాధానం (ఒక తల్లి)

మా బాబు దోగాడనే లేదు, కూర్చున్నచోటి నుంచి పిరుదుల మీదే జరుగుతూ తిరిగేవాడు. 17వ నెలలో నడిచాడు. పని చేసుకోవడానికి వీలుగా ఉంటుందని నేను వాడిని చాలాసేపు కుర్చీలో బెల్టు వేసి ఉంచేదాన్ని, అది సరికాదని తర్వాత తెలిసి ఎంతో బాధపడ్డాను. ఇంత చిన్న పిల్లలను ఒకేసారి గంటకు మించి కదలకుండా కట్టి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలలో ఉంది. నేలమీద వదిలినప్పటి నుంచే వాడిలో మార్పు కనిపించింది. బొమ్మలను సోఫా మీద పెట్టి, వంగి లేచి తీసుకునేలా చేసేవాళ్లం. తర్వాత రెండు కుర్చీలను దగ్గరగా ఉంచి, ఒకదాని నుంచి మరొకదానికి మారడం అలవాటయ్యాక మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాం. ఇంట్లో బూట్లు వేయకుండా ఉత్త కాళ్లతోనే ఉంచాం. పడిపోతాడేమోనని భయపడకండి. తప్పటడుగులు వేసే వయస్సు పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడతారని 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. పదునైన అంచులను కప్పి, మెట్లకు గేటు పెడితే, ఆ పడటం వల్లే పిల్లలు నేర్చుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాప 7 వారాలు ముందుగా పుట్టింది. బరువు త్వరగానే పెరగడంతో ఆ సంగతిని మేము మరచిపోయాం. దానికీ నడకకూ సంబంధం ఉంటుందా?

సమాధానం (పిల్లల ఫిజియోథెరపిస్టు)

తప్పకుండా ఉంటుందండి. ముందుగా పుట్టిన పిల్లల ఎదుగుదలను రెండేళ్లు వచ్చేవరకు పుట్టిన తేదీతో కాక, కాన్పు కావలసిన తేదీతో లెక్కించాలి. ఆ లెక్కన మీ పాప వయస్సు ఇప్పుడు 13 నెలలు కాదు, దాదాపు పదకొండున్నర నెలలే. దోగాడటం మొదలుపెట్టినది కూడా ఎనిమిదిన్నర నెలల ప్రాంతంలోనే, అందులో ఆలస్యమే లేదు. బంధువుల బాబుతో పోల్చడం ఇక మానేయండి. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు, వాటిని పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

అయితే ముందుగా పుట్టిన బిడ్డ కనుక, పిల్లల వైద్యుల దగ్గర క్రమంగా చేయించవలసిన పరీక్షలను వదలకండి. సవరించిన వయస్సులో 18 నెలలు వచ్చినా తనంతట తాను నడవకపోతే తప్పక చూపించాలి. ఒక కాలిని ఈడుస్తున్నా, ఎప్పుడూ ఒకే చేతిని వాడుతున్నా, కాళ్లు బిగుసుకున్నట్లుగా లేదా మరీ వదులుగా అనిపించినా, నిలబడిన ప్రతిసారీ మడమలు నేలకు ఆనకపోయినా, అంతకుముందు వచ్చిన పని ఏదైనా చేయడం మానేసినా ఆ గడువు దాకా ఆగకుండా వెంటనే తీసుకువెళ్లండి. పాప సోఫా పట్టుకుని నడిచేటప్పుడు ఒక చిన్న వీడియో తీసి ఉంచుకోండి, ఆసుపత్రి గదిలో పిల్లలు అడుగు వేయడానికి తరచుగా మొరాయిస్తారు.