అడవిలో నడిస్తే 25,000 డాలర్ల ఫైన్: ఇది సబబేనా? (2025 ఆగస్టు నాటి చర్చ)

హాలిఫాక్స్ బాటసారి:
అందరికీ నమస్కారం. కార్చిచ్చుల భయంతో ఆగస్టు 5 నుంచి కెనడాలోని మన నోవా స్కోషియా రాష్ట్రమంతటా అడవిలోకి వెళ్లడం నిషేధం కదా, అక్టోబర్ 15 దాకానో, వానలు పడేదాకానో. నిప్పు ముట్టించొద్దంటే నాకు పూర్తిగా సమ్మతమే. ఈ ఎండకు నాచు కూడా అప్పడంలా విరుగుతోంది. కానీ నడవడం వేరు కదా? రోజూ సాయంత్రం అమ్మను మా అపార్ట్‌మెంట్ వెనక దారిలో తిప్పేవాణ్ణి. రెండు పక్కలా బ్లూబెర్రీ పొదలు, అవతల బండలు. చట్టం ప్రకారం పొదలూ, రాతినేలా, ఎండిన చిత్తడినేలా అన్నీ అడవి కిందే లెక్కట. మరి ఈ దారి సంగతేంటి? అమ్మది విజిటర్ వీసా, అదే టెన్షన్. కలప కంపెనీలకేమో పర్మిట్లు ఇస్తున్నారు!

టాంటాలన్ తమ్ముడు:
అన్నా, 2023 మేలో హాలిఫాక్స్ దగ్గర మా టాంటాలన్ వైపు కార్చిచ్చుకు 151 ఇళ్లు కాలిపోయాయి. 16 వేల మందికి పైగా ఇళ్లు వదిలారు. పాస్‌పోర్టులు, పిల్లాడి ఇన్‌హేలర్ సంచిలో వేసుకుని రోడ్డెక్కేసరికి కార్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకున్నాం. ఇక్కడ మంటలు చాలావరకు మనుషుల వల్లే మొదలవుతాయి. ఎండుగడ్డిలో బండి సైలెన్సర్ వేడి తగిలినా చాలు. కొన్నాళ్లు ఓపిక పట్టలేమా?

లా స్టూడెంట్:
అడగడంలో తప్పేం లేదండీ. అడవుల చట్టం 25వ సెక్షన్ కింద మంత్రి అడవుల్ని మూసేయొచ్చు. మూసేముందు కెనడా రాజ్యాంగంలోని హక్కుల చార్టర్‌ను పట్టించుకున్నారా అన్నదే అసలు ప్రశ్న. అది తేల్చుకోవడానికే కేప్ బ్రెటన్‌లో ఒక మాజీ సైనికుడు కావాలని అడవిలోకి నడిచి, అదనపు రుసుములతో కలిపి 28,872 డాలర్ల 50 సెంట్ల టికెట్ రాయించుకున్నాడు. మీరు మాత్రం ఆ పని చేయకండి. సహజ వనరుల శాఖ ఆఫీసుకు ఫోన్ చేసి, దారి ఎక్కడుందో చెప్పి అడగండి. ఈలోపు అమ్మగారిని హార్బర్ ఒడ్డున బోర్డ్‌వాక్ మీదికి తీసుకెళ్లండి.

హాలిఫాక్స్ బాటసారి:
థాంక్సండీ, రేపే ఫోన్ చేస్తాను. తమ్ముడూ, మీరు పడ్డది చదివాక గట్టిగా మాట్లాడాలనిపించడం లేదు. అయినా ఆగస్టు 13న అనాపొలిస్ కౌంటీలోని లాంగ్ లేక్ దగ్గర మంట అంటుకున్నది పిడుగు వల్ల. మంట ఉన్నచోట మూసేస్తే ఎవరూ కాదనరు. రాష్ట్రమంతా మూసినప్పుడు మాత్రం ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి, వారం వారం మళ్లీ పరిశీలించాలి. నాకు ఇక్కడ ఇంకా ఓటు లేదు, అయినా మా ఎమ్మెల్యేకి ఈ రెండు ముక్కలూ రాస్తున్నాను.