వాంగ్ ఓడ్ అవ్వ చేతి మూడు చుక్కల కోసం అంత దూరం వెళ్లొచ్చా?

అడిగినవారు: నైట్ డ్యూటీ నాని

ఆఫీసు పని మీద మనీలా వెళ్తున్నాను. పని అయ్యాక ఓ నాలుగు రోజులు ఖాళీ. ఉత్తరాన కళింగ ప్రావిన్స్‌లో (మన కళింగం కాదు, ఫిలిప్పీన్స్‌దే) బస్కలాన్ అనే కొండ ఊళ్లో నూరేళ్లు దాటిన వాంగ్ ఓడ్ అవ్వ ముల్లుతో పచ్చబొట్టు పొడుస్తుందని చదివాను. ఇప్పుడు ఆవిడ మూడు చుక్కలు మాత్రమే పెడుతుందట. కొందరేమో జన్మలో ఒక్కసారైనా వెళ్లాలంటున్నారు, కొందరు అంతా టూరిస్టుల వ్యాపారమైపోయింది అంటున్నారు. అసలు ఆవిడ గొప్పతనం ఏమిటి? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ముల్లు అంటే ఇన్ఫెక్షన్ టెన్షన్ కూడా ఉంది.

జవాబు: స్టెతస్కోప్ సిరి

మనీలాలో మెడిసిన్ చదువుతున్నానండి, సెలవుల్లో ఫ్రెండ్స్‌తో వెళ్లొచ్చాను. ముందే చెప్తున్నా, చుక్కల కోసమే అయితే వెళ్లకండి. ఆ ఊరు చూడటానికి, ఆవిడ తయారుచేసిన పిల్లల పని చూడటానికి అయితే తప్పకుండా వెళ్లండి.

రాత్రంతా బస్సు, తర్వాత కొండల్లో జీప్నీ (అక్కడి షేర్ జీపు), రోడ్డు ఆగిపోయాక నడక. వరి మడుల గట్ల మీదుగా ఊళ్లోకి చేరేసరికి కాళ్లు పట్టేశాయి. పందులు, కోళ్లు, ఎక్కడ కూర్చున్నా చేతికి ఒక కప్పు కాఫీ. కాఫీ వాళ్ల కొండల్లో పండిందే. ఊరంతా టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. ఒక్క ఇంట్లోంచి కాదు, చాలా ఇళ్లలోంచి. నాకు ఆశ్చర్యం వేసింది అక్కడే. ఎందుకో చెప్తాను.

ఆవిడ గుర్తింపు కార్డులో పుట్టినరోజు 1917 ఫిబ్రవరి 17. బుట్‌బుట్ తెగ మనిషి. పదిహేనేళ్ల వయసులో తండ్రి దగ్గర పని నేర్చుకుంది. అప్పటిదాకా అది మగవాళ్ల విద్య. శత్రువు తల తెచ్చిన యోధుడికే ఛాతీ మీద పెద్ద పచ్చబొట్టు. ఆడవాళ్లకు చేతుల నిండా, అందానికి, పెద్దమనిషి అయిందనడానికి. కూలి పందుల్లోనో ధాన్యంలోనో ఇచ్చేవారు. అమెరికన్ల పాలనలో తలలు నరికే ఆచారాన్ని అణిచేశాక యోధులకు పొడిచే పని క్రమంగా పోయింది. బడులు, చర్చిలు వచ్చాక ఆడపిల్లలు కూడా చేతులు దాచుకోవడం మొదలుపెట్టారు. చేయించుకునేవాళ్లు లేక అంతటితో ఆగిపోవాల్సిన విద్య అది. ఆవిడ మాత్రం పొలం పనులు చేసుకుంటూనే అడిగినవాళ్లకు పొడుస్తూ వచ్చింది. 2000ల తర్వాత టీవీ వాళ్లు, మానవ శాస్త్రవేత్తలు వచ్చి లోకానికి చూపించారు గానీ, అంతకు ముందు దశాబ్దాల తరబడి ఎవరూ చూడకుండా చేసిన పనే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకొకటి. ఈ విద్య రక్తసంబంధీకులకే ఇవ్వాలి, బయటివాళ్లు పొడిస్తే పుండు పడుతుందని వాళ్ల నమ్మకం. ఆవిడకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. ప్రేమించిన మనిషి కలప కొట్టే పనిలో ప్రమాదం జరిగి చనిపోయాడు, అప్పుడు ఆవిడకు ఇరవై అయిదేళ్లు. అంటే ఇంట్లో వారసులు లేరు. అందుకే తోబుట్టువుల తరఫు మనవరాళ్లు గ్రేస్ పాలికాస్, ఎలియాంగ్ విగన్‌లను కూర్చోబెట్టి నేర్పింది. గ్రేస్ పదేళ్లప్పుడే మొదలుపెట్టిందట. వాళ్లను చూసి ఊళ్లో ఇంకా ఎంతోమంది పిల్లలు పట్టుకున్నారు. నేను విన్న చప్పుడు వాళ్లదే.

నా ముంజేతి మీద జెర్రి బొమ్మ పొడిచింది ఇరవై ఏళ్లలోపు అమ్మాయి. ముందు గడ్డిపోచను మసిలో ముంచి గీతలు గీసింది. తర్వాత వెదురు పుల్లకు గుచ్చిన ముల్లు చర్మం మీద ఆనించి, ఇంకో కర్రతో కొట్టడమే. నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. ఎముక దగ్గరైతే పళ్లు బిగబట్టాల్సిందే. మాటమాటకూ ఫోన్ చూసుకుంటూ, నవ్వుకుంటూ, చేయి మాత్రం లయ తప్పకుండా కొట్టింది. తర్వాత అవ్వ దగ్గరకు పంపారు. ఆవిడ నా మొహం కూడా సరిగ్గా చూడలేదు! చుక్కలు పెట్టి, పక్కవాళ్లతో ఏదో జోక్ వేసి నవ్వింది. నాకైతే బాగానే నచ్చింది. దేవతను చూడ్డానికి వెళ్లినట్టు వెళ్తే నిరాశపడతారు.

ఇన్ఫెక్షన్ గురించి: ముల్లు మీ కళ్లెదుట కొత్తది గుచ్చుతున్నారా చూసుకోండి, అడిగినా ఏమీ అనుకోరు. మసి కలిపే గిన్నె, కొట్టే కర్ర మాత్రం ఆసుపత్రిలోలా స్టెరైల్ కావు. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, చర్మం ఉబ్బి మచ్చ కట్టే స్వభావం ఉన్నా వద్దు. హెపటైటిస్ బి టీకా అయ్యిందో లేదో వెళ్లేముందే చూసుకోండి.

జవాబు: నల్ల ఇంకు

నేను మెషిన్ మీద టాటూలు వేసేవాణ్ణి. సిరి గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా, ఒక్క విషయంలో కాదు. చాలా ఇళ్లలో చప్పుడు వినిపిస్తే విద్య బతికినట్టేనా? బోర్డు మీద బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకుని, పొడిపించుకుని, ఫొటో పెట్టి వెళ్లిపోతున్నాం. ఆ బొమ్మలు ఒకప్పుడు తెగ ఒప్పుకుంటేనే ఒంటిమీదకొచ్చేవి.

పైగా ఆవిడ పేరును వాడుకున్నవాళ్లు తక్కువేం కాదు. 2017లో మనీలాలో ఒక ప్రదర్శనకు తీసుకొచ్చి వందలమందికి పొడిపించారు, ఆవిడ అలసి కునికిపాట్లు పడుతున్న ఫొటో బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఇష్టపడే వచ్చిందని నిర్వాహకులు అన్నారు. 2021లో ఒక ఆన్‌లైన్ సంస్థ ఆవిడ పేరుతో కోర్సు పెడితే అది మోసమని గ్రేస్ బహిరంగంగా చెప్పింది. సంస్థ తమ తప్పు లేదంది గానీ కోర్సు తీసేసింది. 2023 ఏప్రిల్‌లో 106 ఏళ్ల వయసులో వోగ్ ఫిలిప్పీన్స్ అనే ఫ్యాషన్ పత్రిక కవర్ మీదకు వచ్చింది, ఆ పత్రిక కవర్ల చరిత్రలో అంత వయసువాళ్లు ఎవరూ లేరు. బాగుంది. కానీ కవర్ చూసి వెళ్లేవాడికి బస్కలాన్ ఒక చెక్‌లిస్ట్ మాత్రమే.

పనితనం సంగతికొస్తే మాత్రం చేతులెత్తి దండం పెడతా. లోతును కంట్రోల్ చేసే మెషిన్ లేదు, చేయి బరువే ఆధారం. ఆ వయసులో కూడా ఆవిడ గీత చెదరలేదు.

జవాబు: స్టెతస్కోప్ సిరి

నల్ల ఇంకు గారూ, పేరు వాడుకోవడం గురించి మీతో ఏకీభవిస్తాను. కానీ "తెగ ఒప్పుకుంటేనే" అన్నారు చూడండి, ఆ తెగవాళ్లే ఇప్పుడు బయటివాళ్లకు పొడవడానికి ఒప్పుకున్నారు. ఆ ఊరిపిల్లలు చదువులకు, ఇంటి కప్పులకు ఆ డబ్బే వాడుకుంటున్నారు. తలలు నరికిన యోధుడికే పొడవాలంటే ఆ ఛాతీ బొమ్మ పొడవడానికి ఇప్పుడు మనిషి దొరకడు కదా! పాతది పాతదిగా ఉండాలని మనం పట్టుబడితే, ఆ ముల్లు పట్టుకున్న అమ్మాయి మనీలాలో ఏ మాల్‌లోనో పని వెతుక్కోవాలి. నాకు అది నచ్చదు. మ్యూజియంలా కాపలా కాసి ఉంటే ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు.

ఒక తేడా నిజమే. ఊళ్లో ముసలమ్మల చేతులు చూశాను, భుజం నుంచి మణికట్టు దాకా ఖాళీ లేకుండా అల్లిన గీతలు. మాకు పొడిచినవి వాటి పక్కన ముక్కలే.

అడిగినవారు: నైట్ డ్యూటీ నాని

ఇద్దరికీ థ్యాంక్స్. వెళ్తున్నాను. ఆ అమ్మాయిల దగ్గరే పెద్ద బొమ్మ వేయించుకుంటాను, అవ్వ ఆ రోజు ఓపికగా ఉంటే చుక్కలు, లేకపోతే లేదు. ఇంకేమైనా జాగ్రత్తలు?

జవాబు: స్టెతస్కోప్ సిరి

ఊరి గైడ్‌ని పెట్టుకోండి, బయటినుంచి ప్యాకేజీ వద్దు. క్యాష్ మనీలాలోనే తీసుకుని వెళ్లండి. సిగ్నల్‌ని నమ్ముకోకండి, ఇంట్లో ముందే చెప్పండి. ఫొటో తీసేముందు అడగండి, ముఖ్యంగా ముసలమ్మలను. నాలుగు రోజుల్లో రెండు ప్రయాణానికే పోతాయి, కాబట్టి తిరుగు ఫ్లైట్ ముందురోజు మనీలాలో ఉండేలా చూసుకోండి. పొడిపించుకున్న చోటు తడిగా, మురికిగా ఉంచకండి. ఎర్రబడి వేడెక్కితే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, నాకు మెసేజ్ పెట్టి కూర్చోకండి.