బాక్స్ తాబేలు కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, చుక్కలు వేసినా తెరవట్లేదు

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి):
నమస్కారమండీ. మా బాక్స్ తాబేలు బరువు 420 గ్రాములు. పది రోజులుగా రెండు కళ్లూ ఉబ్బి మూసుకుపోయాయి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కంటి చుక్కలు ఇచ్చారు, వారం నుంచి పూటకో చుక్క వేస్తున్నాం. వాపు ఇసుమంతైనా తగ్గలేదు. నాలుగు రోజులుగా తిండి ముట్టట్లేదు. మామూలుగా తినేది ఎండు రొయ్యలు, కీరదోస, అప్పుడప్పుడు అన్నం మెతుకులు. అద్దాల తొట్టెలో అడుగున ఇసుక పోశాం, తొట్టె ఏసీ గదిలో ఉంది. విటమిన్ ఏ లోపం అయ్యుంటుందని, అంగన్‌వాడీలో పిల్లలకు పోసే సిరప్ ఒక్క చుక్క వేయమని పక్కింటావిడ అంటున్నారు. వేయొచ్చా?

మధురవాడ సభ్యుడు:
ముందు ఆ సిరప్ పక్కన పెట్టండి. అందులో ఒక మి.లీ.కి లక్ష యూనిట్ల విటమిన్ ఏ ఉంటుంది. ఒక చుక్క అంటే సుమారు 0.05 మి.లీ., అంటే 5,000 యూనిట్లు. ఇలాంటి తాబేలుకు డాక్టర్లు సూదిమందుగా ఇచ్చేది కిలో బరువుకు 500 నుంచి 1,500 యూనిట్లు. మీ 420 గ్రాముల జీవికి అది 210 నుంచి 630. ఒక్క చుక్కే ఆ పై మోతాదుకు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఎక్కువైన విటమిన్ ఏ మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. మోతాదు మించితే మెడమీద, కాళ్లమీద చర్మం పొరలుగా ఊడి పచ్చిపుండవుతుంది. అది మానడానికి వారాలు పడుతుంది.

పక్కింటావిడ అనుమానం మాత్రం తీసిపారేసేది కాదు. ఇసుక రేణువో గీతో అయితే మామూలుగా ఒక కన్నే చెడుతుంది. రెండూ ఒకేసారి ఉబ్బాయంటే తిండినో, తొట్టెనో అనుమానించాలి. విటమిన్ ఏ తగ్గితే కంటి పక్కనుండే గ్రంథుల లోపొర గట్టిపడుతుంది. ఊడిన కణాలు నాళాలకు అడ్డంపడి, రెప్ప కింద పనీర్ ముక్కలాంటి ముద్ద పేరుకుంటుంది. సూక్ష్మజీవులు వచ్చేది ఆ తర్వాతే. ఆ ముద్ద ఉన్నంతకాలం చుక్కలు పైనుంచి జారిపోతాయి.

నాలుగు విషయాలు చూసి చెప్పండి. ముక్కులోంచి బుడగలు వస్తున్నాయా? నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందా? కంటి వెనక, చెవి ఉండే చోట గుండ్రంగా ఉబ్బిందా? ఎప్పుడైనా రెప్ప తెరిస్తే కనుగుడ్డు మీద తెల్లమచ్చ ఉందా? మొదటి రెండూ ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. చెవి దగ్గర ఉబ్బితే లోపల గట్టి చీము ఉన్నట్టు. తాబేళ్ల చీము మనుషుల చీములా కారదు, కోసి తీయాల్సిందే.

గాజువాక సభ్యురాలు:
ఇంకో మాట. అది నిజంగా బాక్స్ తాబేలేనా? పొట్టడిప్పకు అడ్డంగా బందులాంటి కీలు ఉండి, ముందూ వెనకా పెట్టెలా మూసుకోవాలి. వెనక కాళ్ల మీద మాత్రమే మెత్తటి మూతలుంటే అది మన చెరువుల్లో ఉండే తాబేలు. డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉంటే నక్షత్ర తాబేలు. ఆ రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోవి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అటవీశాఖకు అప్పగించాలి. చెంప మీద ఎర్రచార ఉంటే నీటి తాబేలు, దాని సంరక్షణ పూర్తిగా వేరు. అమెరికా బాక్స్ తాబేలైతే 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, అది కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కీలు ఉందండీ, పూర్తిగా మూసుకుంటుంది. బుడగలు లేవు, చెవి దగ్గర ఉబ్బు లేదు. కన్ను తెరవట్లేదు గనక మచ్చ సంగతి తెలీదు. చుక్కల సీసా మీద సిప్రోఫ్లాక్ససిన్, డెక్సామెథాసోన్ అని ఉంది. తొట్టెకు యూవీ బల్బు కూడా పెట్టాం, పదిహేను రోజులైంది. నీలంగా వెలుగుతుంది, వేసినప్పుడల్లా గదిలో ఏదో ఘాటు వాసన వస్తోంది. అది మామూలేనా?

మధురవాడ సభ్యుడు:
ఆ బల్బు ఇప్పుడే ఆపేయండి! నీలపు వెలుగు, ఘాటు వాసన అంటే అది నీళ్లనీ గదుల్నీ శుద్ధి చేసే యూవీసీ బల్బు. ఆ వాసన ఓజోన్‌ది. తాబేలుకు కావలసింది ఎండలో ఉండే యూవీబీ కిరణాలు. యూవీసీ వెలుగు కనుగుడ్డు పైపొరను కాల్చేస్తుంది, మనుషులకైనా అంతే. ఆ గదిలో పిల్లలు కూర్చుంటే వాళ్ల కళ్లూ చూపించండి. బల్బు పెట్టి పదిహేను రోజులు, కళ్లు ఉబ్బి పది. అసలు కారణం ఇదే కావచ్చు. తిండి లోపం అప్పటికే ఉండి, ఇది పైన పడి ఉండొచ్చు.

అందుకే ఆ చుక్కలు కూడా మానాలి. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. కనుగుడ్డు మీద పుండు ఉంటే దాన్ని మాననివ్వదు, ఇంకా లోతు చేస్తుంది. పుండు ఉందో లేదో ఫ్లోరెసీన్ అనే రంగు చుక్క వేసి డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. పుండు ఉన్నచోట రంగు పచ్చగా అంటుకుంటుంది.

సీతమ్మధార సభ్యుడు:
డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఇంట్లో చేయగలిగింది కడగడం ఒక్కటే. మెడికల్ షాపులో 100 మి.లీ. నార్మల్ సెలైన్ బాటిల్, సూది లేని 5 మి.లీ. సిరంజి తెచ్చుకోండి. సెలైన్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, కొలిచి వేయండి. చెంచాతో ఉజ్జాయింపుగా వేస్తే కన్ను మండుతుంది.

ముందు 26–28 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచండి. నీళ్లు గడ్డం దాటకూడదు. బాక్స్ తాబేలు ఈతగాడు కాదు, కళ్లు మూసుకున్నది కాస్త లోతులోనే మునిగిపోతుంది, పక్కనుంచి కదలొద్దు. వెచ్చదనానికి మెడ చాపుతుంది. అప్పుడు తల వెనక రెండు వేళ్లు తేలిగ్గా ఆనించి, రెప్పల మీద సెలైన్ సన్నటి ధారగా రెండు మూడు మి.లీ. జారవిడవండి. రోజుకు రెండుసార్లు చాలు. తల లోపలికి లాక్కుంటే బలవంతం చేయొద్దు, వేలు కీలులో పడితే నలిగిపోతుంది.

రెప్ప సందులో తెల్ల ముద్ద కనిపిస్తే పట్టకారుతోనో దూదిపుల్లతోనో లాగకండి. కింద కనుగుడ్డుకు అంటుకుని ఉంటే పైపొర కూడా వచ్చేస్తుంది. నందివర్ధనం పూల రసం, తేనె, చనుబాలు, పసుపునీళ్లు ఏవీ వద్దు. ఇవి చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, నవ్వేసి ఊరుకోండి.

డాక్టరు కంటి ఆయింట్‌మెంట్ రాస్తే, పూశాక గంటసేపు తడి తువ్వాలు మీద విడిగా ఉంచండి. వెంటనే తొట్టెలో వదిలితే మట్టంతా కంటికి అంటుకుంటుంది.

గాజువాక సభ్యురాలు:
ఇసుక తీసేయండి. ఊక, రంపపు పొట్టు కూడా వద్దు, ఆ దుమ్ము రెప్పల కింద చేరుతుంది. కళ్లు నయమయ్యేదాకా అడుగున తడి తువ్వాలు, రోజూ మార్చాలి. తర్వాత కొబ్బరిపొట్టు, తోటమట్టి సగం సగం, 8–10 సెం.మీ. మందంగా. కొబ్బరిపొట్టు ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోశాకే వాడండి. బాక్స్ తాబేలుకు గాలిలో తేమ 60 నుంచి 80 శాతం కావాలి. విశాఖలో కిటికీ తెరిస్తే సముద్రమే ఇచ్చేస్తుంది. ఏసీ గదిలో ఆ తేమంతా ఎండిపోతుంది, కళ్లూ ఎండుతాయి. తొట్టె హాల్లోకి మార్చండి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా.

దీపం సంగతి కూడా. సరీసృపాలకని అమ్మే, 5.0 అని రాసి ఉన్న యూవీబీ ట్యూబు, 25–30 సెం.మీ. ఎత్తులో, మధ్యలో అద్దం లేకుండా. అద్దం యూవీబీని ఆపేస్తుంది. కన్ను మూసుకుని ఉన్నన్నాళ్లు అదీ వద్దు, మసక వెలుతురే మేలు.

సీతమ్మధార సభ్యుడు:
తిండి విషయంలో కంగారొద్దు. బాక్స్ తాబేలు కంటితో చూసి తింటుంది, కనబడక మానేసింది. నోరు పెకలించి పెట్టకండి. పూటపూటా నానబెడితే నీళ్లు తాగుతుంది, అది ముఖ్యం. వాసన ఉన్నవి ముక్కు దగ్గర పెట్టి చూడండి: మగ్గిన బొప్పాయి, వానపాము ముక్క. కళ్లు తెరిచాక ఎండు రొయ్యలు మానేయాలి, మన దగ్గర ఎండబెట్టేవాటిలో ఉప్పు ఎక్కువ. సగం వానపాములు, నత్తలు, పురుగులు. సగం గుమ్మడి, క్యారెట్ తురుము, మునగాకు. వారానికోసారి బఠాణీ గింజంత చికెన్ లివర్. విటమిన్ ఏ కోసమని చిలగడదుంప కొంటే లోపల నారింజరంగు ఉన్నదే కొనండి, రైతుబజార్లో ఎక్కువగా దొరికే తెల్లదానిలో అది లేనట్టే.

మధురవాడ సభ్యుడు:
రెండ్రోజుల్లోపు డాక్టరుకు చూపించండి. సరీసృపాలు చూసేవారు ఊళ్లో దొరక్కపోతే గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టరైతే ఒక్క మాట మర్యాదగా గుర్తుచేయండి: తాబేళ్లకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు, ప్రాణం తీస్తుంది. పురుగులకని అలవాటుగా రాసేవారుంటారు.

అంతవరకు రోజూ తూచండి. 378 గ్రాములకు దిగితే పదో వంతు పోయినట్టు, ఇక ఆ రోజే వెళ్లాలి. వంటకు వాడే త్రాసు వద్దు, వంటగది సింకులో కడగొద్దు. తాబేళ్ల ఒంటి మీద విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. అట్టపెట్టెలో తడి తువ్వాలు వేసి తీసుకెళ్లండి. ఆ చుక్కల సీసా, బల్బు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేవి అవే.