జైకోనోటైడ్ ఫోల్డింగ్‌లో రెండో పీక్ తగ్గేదెలా?

కోనస్ మేగస్ నత్త విషం నుంచి వచ్చిన నొప్పి మందు జైకోనోటైడ్‌ను ల్యాబ్‌లో ఫోల్డ్ చేస్తున్నాం, అంటే ఈ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) సరైన ఆకారంలోకి మడత పడేలా చేస్తున్నాం. అందులోని ఆరు సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) రెండేసి చొప్పున బంధాలతో 15 రకాలుగా జతకట్టగలవు, కావాల్సింది ఒక్కటే: గొలుసులోని స్థానాల ప్రకారం 1–16, 8–20, 15–25.

ఇంకా మడత పడని లీనియర్ పెప్టైడ్ మి.లీ.కి 0.1 మి.గ్రా., అమ్మోనియం బైకార్బనేట్, పీహెచ్ 7.9, 4 డిగ్రీలు. తప్పు బంధాలు విడిపోయి మళ్లీ పడేందుకు రిడ్యూస్డ్ గ్లూటాథయోన్ 1 మిల్లీమోలార్, ఆక్సిడైజ్డ్ 0.1. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి పీక్‌లుగా చూపే పద్ధతి) అసలు పీక్‌ను ఆనుకుని ఇంకోటి వస్తోంది. రెండింట్లోనూ బరువు సరిగ్గా 6 డాల్టన్లు తగ్గింది, అంటే మూడు బంధాలూ పడ్డాయి. ఏవి దేనితో పడ్డాయో మాత్రం మాస్ స్పెక్ (అణువుల బరువు కొలిచే పద్ధతి) తేల్చదు. 16 డాల్టన్లు పెరగలేదు గనుక 12వ స్థానంలోని మెథియోనిన్ ఆక్సీకరణ అనలేం. తప్పు జతేనని గట్టి అనుమానం.

గ్లూటాథయోన్ పాళ్లు మార్చాలా, అమ్మోనియం సల్ఫేట్ కలపాలా? లేక ఒక జత సిస్టీన్లకు ఏసీఎమ్ (అవి ముందే జతకట్టకుండా తాత్కాలికంగా కప్పి ఉంచే రసాయన సమూహం) రక్షణ పెట్టి రెండు దశల్లో చేయడమే మేలా? దిగుబడి ఎంత పడిపోతుంది? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.