ఇంటి రక్షణకు తుపాకీ, తూటాల ఎంపిక: గోడ అవతల పాప నిద్రపోతుంటే ఏది క్షేమం?

ప్రశ్న

మా ఇంట్లో నేను, నా భార్య, ఏడేళ్ల పాప, మా అమ్మగారు ఉంటాం. ఇటీవల ఒక రాత్రి ఎవరో వెనుక తలుపు గడియ కదిపిన చప్పుడు విన్నప్పటి నుంచి ఇంట్లో తుపాకీ ఉండాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు. అనుమతి వచ్చింది, శిక్షణ కూడా పూర్తి చేశాను. తెలిసిన ఒకరు 12 గేజ్ షాట్‌గన్ (ఒక్క పేలుపులో చాలా గుళ్లు చిమ్మే తుపాకీ) తీసుకోమని, దానికి గురి చూడనక్కరలేదని అన్నారు. మరొకరు 9 మి.మీ. పిస్టల్ చాలన్నారు. మా లోపలి గోడలు ఇటుకవి కావు, చెక్క చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డు బిగించినవి. నా మంచం దగ్గర నిలబడి తలుపు వైపు చూస్తే, దాని వెనుక నడవా, నడవా దాటాక ఒక గోడ, ఆ గోడకు ఆనుకుని పాప మంచం ఉన్నాయి. ఇలాంటి ఇంటికి ఏ తుపాకీ, ఏ తూటా తగినవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1

మీరు చివర చెప్పిన పాప మంచం సంగతి నుంచే మొదలుపెట్టాలండి. జిప్సం బోర్డు మందం సాధారణంగా 12 లేదా 13 మి.మీ. ఉంటుంది. గోడకు రెండు వైపులా బోర్డు ఉన్నా తూటాకు అది అడ్డే కాదు. సాధనకు వాడే ఫుల్ మెటల్ జాకెట్ (పైన గట్టి లోహపు పొర ఉన్న) 9 మి.మీ. తూటా అలాంటి గోడలను వరుసగా కొన్నింటిని దాటిపోతుంది. అందుకే ఇంటి రక్షణకు హాలో పాయింట్ తూటాలు వాడమంటారు. వీటి ముక్కులో గుంట ఉంటుంది, శరీరంలోకి దిగగానే అది పువ్వులా విచ్చుకుని వేగం కోల్పోతుంది. అమెరికా ఎఫ్‌బీఐ పరీక్షల్లో మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలోకి 12 నుంచి 18 అంగుళాల లోతు దిగే తూటాను తగినదిగా లెక్కిస్తారు. అయితే గురి తప్పి ముందు గోడనే తాకితే, ఆ గుంటలో జిప్సం పొడి కూరుకుపోయి తూటా విచ్చుకోకుండా, మామూలు తూటాలాగే అవతలికి పోయే అవకాశం ఉంది. హాలో పాయింట్ అనుమతి లేని చోట్లు కూడా ఉన్నాయి కనుక కొనేముందు చట్టం చూసుకోండి.

షాట్‌గన్‌కు గురి అక్కరలేదన్న మాట పొరపాటు. గుళ్లు గజం దూరానికి సుమారు ఒక అంగుళం చొప్పున విస్తరిస్తాయని మోటు లెక్క ఒకటుంది. అంటే పడకగది దూరంలో అవన్నీ అరచేయంత మేర దాటకుండా ఒకే చోట తగులుతాయి. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. మామూలు 12 గేజ్ డబుల్ ఆట్ బక్‌షాట్ (పెద్ద గుళ్ల తూటా)లో 8.4 మి.మీ. గుళ్లు తొమ్మిది వరకు ఉంటాయి, తప్పిన ప్రతి గుండూ మీ నడవా గోడను దాటగలదు. పిట్టలకు వాడే సన్న గుళ్లు లోతుగా దిగవు కాబట్టి దాడికి వచ్చినవాణ్ణి ఆపుతాయన్న భరోసా లేదు, పైగా దగ్గరి నుంచి పేలిస్తే బోర్డును అవి కూడా చీల్చుకుపోతాయి. మనిషిని ఆపగలిగి, మీ గోడ దగ్గర తానే ఆగిపోయే తూటా లేదు.

కనుక పగటిపూట, చేతిలో తుపాకీ లేకుండా, రాత్రి మీరు నిలబడగల చోట్లన్నిటా నిలబడి తలుపు వైపు వేలు చూపండి. ఆ వేలు చూపిన గీత గోడలు దాటి ఎవరి మంచం మీదుగా పోతోందో కాగితం మీద గీయండి. బయటి ఇటుక గోడ వెనుక దన్నుగా ఉండే కోణం ఒక్కటైనా దొరికితే మీ చోటు అదే. అమెరికా తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు భద్రతా నియమాలలో చివరిది, గురినీ దాని వెనుక ఉన్నదానినీ నిర్ధారించుకోమనడం, ఇలాంటి ఇళ్లకు అతికినట్టు సరిపోతుంది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ తుపాకీ గురించి రెండు మాటలు చెబుతాను. మీరు ఇంట్లో లేనప్పుడు మీ భార్యగారు వాడవలసి రావచ్చు కనుక ఆవిడ చేతికి పట్టేదే ఎంచుకోండి. పిస్టల్ స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగలేనివారికి రివాల్వర్ నయం. 12 గేజ్ తన్ను భుజానికి భరించలేనంతగా ఉంటే, గొట్టం ఇంకా సన్నగా, తన్ను తక్కువగా ఉండే 20 గేజ్ ఉంది, కానీ ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంచకండి. 20 గేజ్ కార్ట్‌రిడ్జ్ పొరపాటున 12 గేజ్ బ్యారెల్ (గొట్టం)లోకి జారి మధ్యలో ఇరుక్కుంటే, వెనుక అసలు కార్ట్‌రిడ్జ్ పెట్టి పేల్చినప్పుడు బ్యారెల్ పగిలిపోతుంది. 20 గేజ్‌కు పసుపు తొడుగు వాడేది తేడా కనబడాలనే.

ఏ తూటా అయినా మీ తుపాకీలో నిలకడగా పేలుతుందో లేదో చూడకుండా నమ్మకండి. నా పిస్టల్ సాధన తూటాలను నెలల తరబడి పొల్లుపోకుండా పేల్చింది, కానీ కొత్తగా కొన్న హాలో పాయింట్ డబ్బాలో మూడో తూటాకే ఇరుక్కుంది. ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకు దాని వెడల్పు ముక్కు తట్టుకుని, స్లైడ్ సగంలో నిలిచిపోయింది. తూటా రకం మార్చి, నాలుగు డబ్బాలు శిక్షణ మైదానంలో ఖర్చు చేశాకే దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకొకటి, ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లో పెట్టి తీస్తుంటే దాని ముందున్న గుండు తొడుగు లోపలికి నొక్కుకుపోతుంది, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే ఆ తేడా కంటికే తెలుస్తుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టేయండి.

చేతి టార్చి విడిగా ఉంచుకోండి. తుపాకీకి బిగించిన దీపంతో వెతకడమంటే చూడాలనుకున్న ప్రతివారి మీదకూ తుపాకీ ఎక్కుపెట్టడమే, చీకట్లో మంచినీళ్లకు లేచిన మీ అమ్మగారి మీదకు కూడా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం ఉంది. తాళం వేస్తే అవసరానికి అందదేమోనని బీరువా పై అరలో బట్టల కింద ఉంచుదామనుకుంటున్నాము. పాపకు అంత ఎత్తు అందదు.

జవాబు 3

దయచేసి ఆ పని చేయకండి. దాచడం వేరు, తాళం వేయడం వేరు. మా ఇంట్లో పెట్టె తాళంచెవిని గోడ గడియారం వెనుక ఉంచేవాణ్ణి. అది ఎవరికీ తెలియదని నాలుగేళ్లు నమ్మాను. ఒక రోజు మా అన్నయ్య కొడుకు, అప్పటికి ఎనిమిదేళ్లవాడు, ఏదో మాటల్లో "బాబాయ్ తుపాకీ తాళం గడియారం వెనక ఉంటుంది" అని తాపీగా అన్నాడు. ఎన్నడూ ముట్టుకోలేదట, చూశాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మంచం పక్కన నేలకు గానీ గోడ చట్రానికి గానీ బోల్టులతో బిగించే, అంకెల మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెలు దొరుకుతాయి. చీకట్లో వేళ్లతో తడిమి తెరవడం అలవాటు చేసుకుంటే కొన్ని క్షణాల పనే. బ్యాటరీ తేదీ రాసి పెట్టుకుని ముందుగానే మార్చండి. తుపాకీని ఖాళీగా ఒక తాళంలో, తూటాలను వేరే తాళంలో ఉంచడం పిల్లలున్న ఇంటికి అన్నిటికంటే క్షేమం. అది నెమ్మది అనుకుంటే కనీసం ఈ పెట్టె లేకుండా తుపాకీ ఇంటికి తేవద్దు. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మానసిక క్షోభలో ఉంటే ఆ కాలమంతా తుపాకీ ఇంట్లోనే ఉండకూడదు. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆర్థర్ కెల్లర్మన్ బృందం, ఇంట్లో తుపాకీ ఉండటానికీ ఆ ఇంటివారు ఇంట్లోనే హత్యకు గురయ్యే ప్రమాదం పెరగడానికీ సంబంధం ఉన్నట్టు చూపింది. ఆ పరిశోధన పద్ధతి మీద వాదాలు నడిచాయి గానీ, ప్రమాదం బయటి నుంచే వస్తుందనుకోకూడదు కదా.

ముందు ఆ వెనుక తలుపు గడియ మార్చించండి. చప్పుడు విన్నప్పుడు వెతకడానికి బయలుదేరకుండా, నలుగురూ ఒకే గదిలో చేరి, గడియ పెట్టుకుని పోలీసులకు ఫోన్ చేయాలని ఇప్పుడే అనుకోండి. పాపను ఎవరు తేవాలో, అమ్మగారిని ఎవరు లేపాలో కూడా.

ప్రశ్న అడిగినవారు

నిన్న వేలితో గీతలు గీసి చూశాము. నేను నిలబడగల ఐదు చోట్లలో మూడు చోట్ల నుంచి గీత పాప తలగడ మీదుగా పోయింది. సాయంత్రమే మంచాన్ని బయటి ఇటుక గోడ వైపుకు జరిపాము, ఇప్పుడు ఒక్క గీత మాత్రమే దాని దగ్గరగా పోతోంది. గడియ మార్చడానికి వడ్రంగి రేపు వస్తున్నాడు. తుపాకీ కొనడం ఇనుప పెట్టె బిగించిన తరువాతేనని నేను, నా భార్య నిర్ణయించుకున్నాము.