ఎండు కొబ్బరికి డేంజరస్ గూడ్స్ కాగితాలా?

కోనసీమ కుర్రాడు:
మాది అంబాజీపేట దగ్గర. మొదటిసారి దుబాయ్ పార్టీకి ఒక కంటైనర్ ఎండు కొబ్బరి పంపుతున్నాం, వైజాగ్ నుంచి. షిప్పింగ్ లైన్ వాళ్ళేమో డేంజరస్ గూడ్స్ డిక్లరేషన్ అడుగుతున్నారు. కొబ్బరికి ఇదేంటండీ? మామూలు ఆహార సరుకు అని రాసేస్తే పోదా?

పాత ఎగుమతిదారు:
అస్సలు రాయకండి. ప్రమాదకర సరుకులకి ఐక్యరాజ్యసమితి ఇచ్చే యూఎన్ నంబర్లలో ఎండు కొబ్బరిది 1363, క్లాస్ 4.2, అంటే తనంతట తానే వేడెక్కి అంటుకునే రకం. సరిగ్గా ఆరని గడ్డివాములో చెయ్యి పెడితే వేడి తగులుతుంది చూడండి, కంటైనర్లో తడి కొబ్బరి పరిస్థితీ అంతే. డిక్లరేషన్‌లో వరస ముఖ్యం: యూఎన్ 1363, కోప్రా (ఎండు కొబ్బరికి ఇంగ్లీషు పేరు), 4.2, ప్యాకింగ్ గ్రూప్ 3 (అంటే తక్కువ ప్రమాద స్థాయి). వ్యాపారపు పేరు ఒక్కటే రాస్తే వెనక్కి కొడతారు. ఒకసారి ఇన్వాయిస్ మీద ఒక బరువు, డిక్లరేషన్ మీద ఇంకో బరువు పడి నాకు ఓడ తప్పిపోయింది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

రావులపాలెం లారీ:
కంటైనర్ ప్యాకింగ్ సర్టిఫికెట్ మర్చిపోయారు గురువుగారూ, లోడ్ చేయించినవాళ్ళే సంతకం పెట్టాలి. కంటైనర్ నాలుగు వైపులా 4.2 ప్లకార్డులు కూడా. సేఫ్టీ డేటా షీట్ (సరుకు ప్రమాదాలు, జాగ్రత్తలు రాసుండే కాగితం) నెట్‌లో దొరికిందని దించి పెట్టేయకండి, రవాణా వివరాలుండే 14వ సెక్షన్, డిక్లరేషన్ రెండూ కలవాలి.

కోనసీమ కుర్రాడు:
థ్యాంక్సండీ. మొన్నటి వానకి పది బస్తాలు చెమ్మెక్కాయి, అవి ఇప్పుడే పక్కన పెట్టిస్తున్నా.