సాక్షి యాస వినగానే జూరీకి నమ్మకం తగ్గిపోతోంది, ఏం చేయాలి?

లా విద్యార్థులతో మాక్ ట్రయల్ చేయిస్తున్నాను. ఒకే వాంగ్మూలాన్ని ఒకే మనిషి చేత రెండు రకాలుగా చెప్పించి రికార్డు చేశాం. ఒకటి పుస్తక భాషకు దగ్గరగా ఉంటుంది, రెండోది కూలి పనులు చేసుకునేవాళ్ల యాసలో. చూసిన దూరం, టైము, చెప్పిన వరుస, మధ్యలో ఆగిన చోట్లు కూడా ఒకటే. నిడివి నాలుగు నిమిషాలు. జూరీలో సగంమందికి ఒకటి, మిగతావాళ్లకు రెండోది వినిపించి, సాక్షిని ఎంత నమ్మారో పదికి మార్కులు వేయమన్నాం.

యాస విన్నవాళ్లు ప్రతిసారీ తక్కువే వేస్తున్నారు. ఎందుకని అడిగితే యాస ఊసే ఎత్తరు. ‘తడబడింది’, ‘ఏదో దాస్తోంది’ అంటారు.

‘యాస పట్టించుకోవద్దు’ అని ముందే చెప్పి చూశాం, తేడా రాలేదు. ఆడియో తీసేసి కాగితం మీద ఇస్తే ఇంకా ఘోరం, ఆ మాటలు అచ్చులో తప్పుల్లా కనిపించాయి. సాక్ష్యానికి ముందు భాషాశాస్త్రం టీచరు చేత యాస గురించి పావుగంట మాట్లాడించాం. సాక్షి మీద జాలి పెరిగింది, నమ్మకం పెరగలేదు. నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది. 2013లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఒక నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపిన జిమ్మర్‌మన్ కేసు విచారణ ముగిశాక ఒక జూరర్ టీవీలో దాదాపు ఇదే అన్నారు: నల్లజాతివాళ్ల యాసలో సాక్ష్యం చెప్పిన ఆ కుర్రాడి స్నేహితురాలు రేచల్ జాంటెల్ మాట నమ్మబుద్ధి కాలేదట, ఆమెను చూస్తే జాలేసిందట.

ఇలాంటివి చేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: జాలి కాకుండా నమ్మకం మారాలంటే, యాస గురించి టీచరు ఇచ్చే వివరణ సాక్ష్యానికి ముందు ఉండాలా, విన్నాక మార్కులు వేసే ముందు ఉండాలా?